లేదనని ఇల్లు

మా అమ్మ గంగారత్నం బందరులో చేపలమ్మేది. వంజరం ఉందా అని ఎవరైనా అడిగితే, గంపలో లేకపోయినా లేదనేది కాదు. "రేపొస్తది, ఇవాళ్టికి కానాగంతలు తీసుకెళ్ళండి" అనేది. కొనేవాళ్ళు అదేదో బేరం తెలివి అనుకునేవారు. అమ్మకు బేరం తెలివి ఉన్న మాట నిజమే గానీ ఇది అది కాదు.

మా నాన్న కాశీరావు గిలకలదిండి రేవులో మరపడవకి సరంగు. పడవ నడిపేది ఆయనే. మగవాడు సముద్రం మీద ఉండగా ఇంట్లో ఆడది 'లేదు' అనకూడదు. 'పోయింది', 'అయిపోయింది', 'మునిగింది', ఇవేవీ నోట రాకూడదు. ఊళ్ళో అందరూ ఇంత పట్టింపుగా ఉంటారని కాదు. ఇది మా అమ్మమ్మ పెట్టిన నియమం, మా అమ్మ దాన్ని ఆవిడకంటే గట్టిగా పట్టుకుంది. బియ్యం మునిగేలా నీళ్ళు పొయ్యమనటానికి కూడా 'బియ్యం తడిసేలా పొయ్యి' అనేది. నేను నిజంగానే తడిపి ఊరుకునేదాన్ని, అన్నం పలుకు మిగిలిపోయేది, నాకు తిట్లు పడేవి.

బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనటం అందరిళ్ళల్లోనూ ఉన్నదే. మా ఇంట్లో అన్నీ నిండుకునేవి. ఉప్పు, సబ్బు, గ్యాసు, నా స్కూలు పుస్తకాల్లో కాగితాలు, చివరికి ఫోన్లో బ్యాలెన్సు కూడా. "ఇన్ని నిండుకుంటుంటే మనం ఈపాటికి మేడ కట్టాలి గదమ్మా" అంటే నెత్తిన మొట్టికాయ వేసేది.

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు మరపడవలన్నిటినీ ఒడ్డున కట్టేయిస్తుంది. ఆ రెండు నెలలూ నాన్న ఇంట్లో, అమ్మ నోటికి సెలవులు. ఏడాది పొడుగునా మింగిన 'లేదు'లన్నీ అప్పుడు కక్కేది. "ఉప్పు లేదు, పప్పు లేదు, మీ నాన్నకి బుద్ధి లేదు" అని పొద్దున్నే మొదలుపెడితే నాన్న వలకు కుట్లు వేసుకుంటూ ముసిముసిగా నవ్వేవాడు.

మూడేళ్ళ కిందటి నిషేధం రోజుల్లో ఇంకో మాట కూడా అంది. "సత్యా, నాకు ఇంకెక్కువ రోజులు లేవే."

అప్పటికి ఏడాదిగా బెజవాడలో వైద్యం జరుగుతోంది. గర్భసంచిలో మొదలై నడుము ఎముకల్లోకి పాకింది. మేమంతా 'ఆ జబ్బు' అనేవాళ్ళం. నిషేధం మొదలైన వారంలోనే డాక్టరుగారు అమ్మను బయట బల్ల మీద కూర్చోబెట్టి నాన్ననూ, తమ్ముడు దుర్గాప్రసాద్‌నూ, నన్నూ లోపలికి పిలిచారు. "ఇక మందు ఎక్కించి ఆవిడ్ని హింసపెట్టొద్దండీ. నొప్పి తెలియకుండా చూసుకుందాం" అన్నారు. ఆ నొప్పి మాత్రలు బయట షాపుల్లో దొరకవు, ఆ ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా ఇస్తారు. ఒక్క పూట కూడా తప్పకూడదనీ, తప్పితే నొప్పి తిరగబడుతుందనీ రెండుసార్లు చెప్పారు.

బయటికొచ్చాక అమ్మ నాన్న మొహం చూసింది.

"ఏమన్నాడు?"

"ఇంక సూదులూ అవీ అక్కర్లేదన్నాడు."

"అక్కర్లేదన్నాడా, లాభం లేదన్నాడా?"

నాన్న పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు. తమ్ముడు మొహం అటు తిప్పుకున్నాడు.

"పడవ కట్టేసే ఉంది గదయ్యా, చెప్పొచ్చులే" అంది అమ్మ.

నాన్న అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఆయన ఏడవటం నేను చూడటం అదే మొదటిసారి. తిరిగొచ్చేటప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆటో ఇరుక్కుపోయింది. ముందున్న లారీ హారను మీద హారను కొడుతోంటే ఆ రొదలో అమ్మ "క్యాన్సరంటే క్యాన్సరనండర్రా, పేరు మింగితే పోద్దా ఏంటి" అని అరిచింది. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. మేం ముగ్గురం దొంగల్లా తలలు వంచుకున్నాం.

తమ్ముడు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు, కాపురం అక్కడే. కాబట్టి మాత్రలు తెచ్చే పని వాడిదని అనుకున్నాం. షెడ్డులో గ్రైండింగు మోతకి వాడి ఫోను వాడికే వినపడదు. అందుకని ఏదైనా కావాలంటే అమ్మ వాడి భార్య నాగదుర్గకి ఫోన్ చెయ్యాలి, ఆ పిల్ల వాడికి చెప్పాలి. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది అనిపించింది నాకు.

నాగదుర్గ సంగతి చెప్పాలి. ఆ ఏడాది మాఘమాసంలోనే పెళ్ళయింది, ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. వాళ్ళది పెడన నేతవాళ్ళ కుటుంబం. మగ్గం కూడు పెట్టక వాళ్ళ నాన్న వీరభద్రయ్యగారు సూరత్ మిల్లులకి వెళ్ళిపోయి, ఈ మధ్యే తిరిగొచ్చి బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు పెట్టాడు. పిల్ల పుట్టి పెరిగిందీ, చదివిందీ అంతా సూరత్‌లోనే. తెలుగు బాగానే మాట్లాడుతుంది, ప్రతిదానికీ 'అండీ' తగిలిస్తుంది. కానీ మన మాటల్లో లోగుట్టు తెలీదు. నాన్నకి ఈ సంబంధం రుచించలేదు. "ముల్లు తీసుకు తినటం రాని పిల్ల మనింట్లో ఏం బతుకుద్ది" అని ఆ పిల్లతో నేరుగా మాట్లాడటమే మానేశాడు. అమ్మ మాత్రం "అది నేసేవాళ్ళ బిడ్డయ్యా, ముల్లు తియ్యటం ఎంతసేపు" అనేది.

మే నెలలో నాగదుర్గ బందరొచ్చి కొన్నాళ్ళు అమ్మ దగ్గరుంది. అమ్మ మంచం మీంచి చెప్తుంటే చేపల పులుసు పెట్టటం నేర్చుకుంది. ఒక సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. దేవుడి దగ్గర దీపం గాలికి ఆరింది. "అమ్మాయ్, దీపం కొండెక్కింది చూడు" అంది అమ్మ.

నాగదుర్గ గరిటె పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చింది. "ఏ కొండండీ అత్తయ్యగారూ? మా దుర్గమ్మ కొండేనా? ఇక్కడికి కనపడుతుందా?"

అమ్మ నవ్వటం మొదలుపెట్టి ఆపలేకపోయింది. నడుం పట్టుకుని "వామ్మో, నవ్వించి చంపుతావే పిల్లా" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బయట వల ముందేసుకుని కూర్చున్న నాన్న కూడా నవ్వాడు. నవ్వి, మళ్ళీ ఎందుకు నవ్వానా అన్నట్టు తలొంచుకున్నాడు. దీపం ఆరిందనకూడదని, కొండెక్కిందనాలని నేను చెప్పాను. "ఇట్టాంటివి మన దగ్గర శానా ఉన్నాయిలే, నిదానంగా నేర్పుతా" అంది అమ్మ.

ఇంట్లో 'లేదు' అనకూడదన్న సంగతి మాత్రం చెప్పాలని ఎవరికీ తట్టలేదు. పడవలు ఒడ్డున ఉన్నాయి. ఆ నెలలో నాగదుర్గ విన్న అమ్మ, "చింతపండు లేదు, కారం అయిపోయింది" అని గొంతెత్తి చెప్పే అమ్మ.

నిషేధం ఎత్తేసే రోజు దగ్గరికొచ్చింది. రేవంతా రంగుల వాసన, ఐసు లారీలు. నాన్న మాత్రం "నేను పోను" అని మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"నువ్విట్టా కూచుంటే నాకు తగ్గుద్దా?" అంది అమ్మ.

"తగ్గకపోతే మానె."

"తొలివేట. సరంగు లేకపోతే పడవ కదలదు. నీ పడవెక్కే కళాసీలందరి పొయ్యిలూ నీ మీదున్నాయి. వాళ్ళ పెళ్ళాలు రేపు నా మొహం చూడొద్దా?"

"చూడకపోతే పోయె."

"వారం తిరిగేసరికి వస్తావు. నేనెక్కడికీ పోను. నువ్వు తెచ్చిన వంజరం తిని పోతాలే, సరేనా?"

ఆయన వెళ్ళాడు. అమ్మ మంచం మీంచే "వెళ్ళి రా" అంది. పక్కింటి సువార్తమ్మ పగలూ రాత్రీ చూసుకుంటానంది. నేనుండాలి అక్కడ, కానీ సరిగ్గా అప్పుడే నా కాపురం ఉన్న ఉయ్యూరులో మా చంటిదానికి అమ్మవారు పోసింది. ఆటలమ్మ ఉన్న ఇంటి నుంచి అంత జబ్బు మనిషి దగ్గరికి వెళ్ళకూడదన్నారు. గంట ప్రయాణం. ఉయ్యూరు సెంటర్లో నా చేపల బల్ల కూడా మూసేసి, వేపమండల మధ్య పిల్ల పక్కన కూర్చుని రోజూ ఫోన్ చేసేదాన్ని.

"ఎట్టా ఉందమ్మా?"

"బానే ఉన్నానే, పిల్లని చూసుకో" అనేది. సముద్రం మీద మొగుడున్న ఆడది ఇంకేమంటుంది? ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు. తెలిసీ ఆ మాట నమ్మటం నాకు సుఖంగా ఉండింది.

ఒకరోజు పొద్దున్నే సువార్తమ్మ ఫోన్ చేసింది. "సత్యా, మీ అమ్మ మాత్రల్లేక అల్లాడిపోతందే. దిండు కొరుకుతంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ప్రభువు నన్ను క్షమించుగాక, నేను చూళ్ళేకపోతున్నా."

"మాత్రలు లేకపోవటమేంటి? తమ్ముడు తేలేదా?"

"మొన్ననగా నా ముందరే కోడలికి ఫోన్ చేసింది. ఇదిగో తెస్తారు, అదిగో తెస్తారని చూస్తన్నాం."

"మళ్ళీ చెయ్యలేదా?"

"చెయ్యమన్నా. కొత్త కోడలు, ఒకటికి రెండుసార్లు అడిగితే అత్త సాధిస్తందనుకుంటదంట. వద్దంది."

తమ్ముడికి చేశాను. వెనక గ్రైండింగు మోత. "మాత్రలున్నాయి గదక్కా. నిండా ఉన్నాయని అమ్మే ఫోన్ చేసి చెప్పిందంట. నాగదుర్గ చెప్పింది" అన్నాడు. నేను వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మోత ఆగింది. వాడు ఆసుపత్రికి పరిగెత్తి, అక్కడ చీటీల కోసం నిలబడి, బండి మీద బందరు చేరేసరికి పొద్దువాలింది. అమ్మ మాత్ర వేసుకుని, కాసేపటికి వాడి చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. పొద్దున్నే సువార్తమ్మ కాఫీ తెచ్చేసరికి ఊపిరి లేదు.

మాత్రలు సమయానికొచ్చినా అమ్మ బతికేది కాదు. ఇంకో వారమో, నెలో. అమ్మ పోయినందుకు కాదు మా ఏడుపు, అలా పోయినందుకు. కింది పెదవి మీద ఆవిడ పళ్ళు దిగిన గాట్లున్నాయి. సువార్తమ్మ తడిగుడ్డతో తుడిచింది, పసుపు రాసింది. అవి అలాగే కనపడుతున్నాయి.

వైర్‌లెస్‌లో కబురందుకుని నాన్న మర్నాడు వచ్చాడు. ఐసు పెట్టెలో పడుకోబెట్టిన అమ్మ పక్కన కూర్చుని ఆ పెదవి వంకే చూశాడు. "ఇదేంటి?" అని సువార్తమ్మను అడిగాడు. ఆవిడకు అబద్ధం రాదు.

పెద్దకార్యం నాడు బంధువుల మధ్య నాగదుర్గ నాన్నకి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. నాన్న అందుకోలేదు.

"ఆ పిల్ల చేతి నీళ్ళు నాకొద్దు" అన్నాడు, ఎవరితోనో చెప్తున్నట్టు. "మాత్రలు కావాలని ముసిల్ది అడిగితే, ఉన్నాయని మొగుడికి చెప్పిన మనిషి."

"అత్తయ్యగారు అలాగే అన్నారండీ మామయ్యగారూ. ఒట్టండీ" అంది నాగదుర్గ. గ్లాసులో నీళ్ళు తొణికి చీర మీద పడ్డాయి.

ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. చచ్చిపోయినావిడ మీదకి నెట్టేస్తోంది, ఎంత గుండె దీనికి, అనుకున్నాను. తమ్ముడు పెళ్ళాం చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత తండ్రీకొడుకులకు మాటల్లేవు. నాన్న ఒంటరిగా వండుకుని తిని వేటకి పోయేవాడు. ఇల్లు అంటే ఇంక ఏదో ఒక గది, ఒక పొయ్యి.

శ్రావణమాసంలో నేను ఆటోనగర్ వెళ్ళాను. అమ్మ ఆకుపచ్చ మంగళగిరి చీర కోడలికివ్వమని ఎప్పుడో చెప్పింది. ఆ వంక పెట్టుకున్నాను గానీ, నిజానికి ఆ పిల్లని నాలుగు కడిగేద్దామనే వెళ్ళాను. నాగదుర్గ చీర చూసి ఏడ్చింది. దాంతో నాకు నోరు రాలేదు. "నువ్వు కూచో, టీ నేను పెడతాలే" అని వంటింట్లోకి వెళ్ళాను. పంచదార డబ్బా మూత తీస్తే అడుగున గింజ కూడా లేదు. ఆవేళ నాన్న వేటలో ఉన్నాడు. మాకు ఆ అలవాటు నాలిక మీదే ఉంటుంది.

"నాగదుర్గా, పంచదార నిండుకుందే" అని కేకేశాను.

"హమ్మయ్య, ఆయన తెచ్చారన్నమాట. అయితే మీకు ఇంకో చెంచా వేసుకోండి వదినగారూ" అంది గదిలోంచి.

నేను ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడ్డాను. టీ పొంగి పొయ్యి మీద పడింది. స్టవ్ కట్టేసి గుమ్మం దగ్గరికి వచ్చాను.

"ఆ రోజు ఫోన్లో అమ్మ ఏమంది? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పమంటారండీ? 'అమ్మాయ్, మాత్రలు నిండుకున్నాయి, అబ్బాయితో చెప్పు' అన్నారు. నేను 'చాలా మంచిదండీ అత్తయ్యగారూ' అన్నాను. ఆవిడ కూడా 'మంచిది తల్లీ' అన్నారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎందుకు వదినగారూ?"

"ఊరికే అడిగాలే" అన్నాను. పంచదార లేని టీ తాగేశాను. ఆ పిల్లకి నేను చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ పిల్ల ఇంక జన్మలో నిద్రపోదు.

కానీ నాన్నకి చెప్పాలి గదా? తప్పు ఆ పిల్లది కాదని తెలిస్తే కోపం పోతుంది, కొడుకు ఇంటికొస్తాడు, అని బస్సులో దారి పొడుగునా సంబరపడ్డాను. నా తెలివి అక్కడితో ఆగింది. నాన్న వేట నుంచి రాగానే రేవుకెళ్ళాను. ఆయన పడవ పక్కన కూర్చుని తెగిన వల చూసుకుంటున్నాడు.

"నాన్నా, నాగదుర్గ అబద్ధమాడలేదు. అమ్మ 'మాత్రలు నిండుకున్నాయి' అంది. ఆ పిల్లకి ఆ మాటకి అర్థం తెలవదు. నిండా ఉన్నాయనుకుంది."

ఆయన చేతిలో దబ్బనం ఆగింది. "తెలుగు పిల్లకి నిండుకోటం తెలవదా?"

"సూరత్‌లో పెరిగింది గదా. దీపం కొండెక్కితే వాకిట్లోకెళ్ళి చూసిన పిల్ల."

నేను ఆయన మొహంలో కోపం కరగటం కోసం చూస్తున్నాను. ఆయన ఆలోచన ఇంకెక్కడికో వెళ్ళిపోయింది.

"ఆ పిల్లున్నన్నాళ్ళూ మీ అమ్మ అన్నీ లేవు లేవనే అనేది గదే" అన్నాడు.

"అప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నావు గదా నాన్నా."

అనేశాక గానీ నేనేమన్నానో నాకు తెలీలేదు.

"మాత్రలు అయిపోయాయి అనుంటే ఆ పిల్లకి తెలిసేది" అన్నాడు నాన్న.

దబ్బనం వల మీద పెట్టేశాడు.

"నేను సముద్రం మీదున్నానని ఆ మాట అనలేదు."

"నాన్నా..."

"పెదవి కొరుక్కుంది గానీ అనలేదు."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఒకరి నెత్తిన బరువు దించుదామని వెళ్ళి ఇంకొకరి నెత్తికెత్తాను. తొలివేటకి పొమ్మని పంపింది అమ్మే గదా అన్నాను, నీ తప్పేముంది అన్నాను, ఏవేవో అన్నాను. ఆయన వినలేదు. దబ్బనం తీసి వల కుట్టటం మొదలుపెట్టాడు. కాసేపటికి తలెత్తకుండానే "ఆ పిల్లకి చెప్పమాక. ఎప్పటికీ" అన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న సంచిలో రెండు వంజరం చేపలు వేసుకుని ఆటోనగర్ వెళ్ళాడట. నాగదుర్గే నాకు ఫోన్ చేసి గాభరాగా చెప్పింది. మామయ్యగారు వచ్చారండీ, గుమ్మంలో నిలబడి "మంచినీళ్ళియ్యమ్మా" అన్నారండీ, రెండు గ్లాసులు తాగారండీ, ఇదేంటండీ, అని. తమ్ముడు భోజనానికి ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడట. వెళ్తూ వెళ్తూ నాన్న కోడలితో ఒక మాట చెప్పాడట. "ఇంట్లో ఏదన్నా లేకపోతే లేదని చెప్పాలి. నేను ఎక్కడున్నా సరే."

అప్పటి నుంచీ అది ఆయనకొక పనైపోయింది. పడవ రేవు దాటి సముద్రంలోకి తిరిగేముందు, ఫోనుకి సిగ్నలు ఉండగానే కోడలికి ఫోన్ చేస్తాడు. ఇంట్లో ఏమేం లేవు అని అడుగుతాడు. రేవులో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా అమ్మమ్మ ఉంటే ఆయన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టేది.

ఈ ఏడాది నిషేధం ఎత్తేసిన రోజు నేను ఆటోనగర్‌లోనే ఉన్నాను. నాగదుర్గకి ఏడో నెల. ముల్లు తియ్యటం ఎప్పుడో వచ్చేసింది, ఇప్పుడు నాకే వంకలు పెడుతుంది. ఇద్దరం వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది. వెనక ఇంజను మోత, గాలి.

"ఏమ్మా, ఇంట్లో ఏం లేవు?"

నాగదుర్గ నా వంక చూసి నవ్వు ఆపుకుంటూ డబ్బాలు తీసి చూడటం మొదలుపెట్టింది. "కందిపప్పు లేదండీ మామయ్యగారూ. జీలకర్ర అయిపోయింది. గ్యాసు ఇవాళో రేపో అయిపోతుందండీ."

"ఇంకా?"

"ఐరన్ మాత్రలు అయిపోయాయండీ. డాక్టరుగారు వేసుకోమన్నవి."

అవతల ఇంజను మోత తప్ప ఏమీ వినపడలేదు. సిగ్నలు పోయిందేమోనని నాగదుర్గ ఫోను పైకెత్తి చూసింది.

"మామయ్యగారూ?"

"ఆఁ. అట్టా చెప్పాలి" అన్నాడు నాన్న. "అట్టా చెప్తే తెచ్చేవాళ్ళం గదమ్మా."

ఫోను కట్టయింది. "తెచ్చేవాళ్ళమేంటి వదినగారూ, అవి అయిపోయిందే ఇప్పుడు గదా! సముద్రం మీంచి మాత్రలు తెస్తారటా, పాపం" అని నాగదుర్గ పకపకా నవ్వింది.

నేను చెప్పులేసుకుని మాత్రలు తేవటానికి బయల్దేరాను.